పాకెట్ కాఫీ అసలు ఖరీదు ఎంత?



ఈ నెల గోడపత్రికకు ఒక విజ్ఞాన వ్యాసం రాయమని నాకు చెప్పినారు. చంద్రుడి మీద, దోమల మీద ఇదివరకే వచ్చేశాయి. అందుకని మనందరం రోజూ చూసే వస్తువునే తీసుకున్నాను. అది కాఫీ పాకెట్. గేటు ఎదురు కొట్లో దండల్లాగా వేలాడదీస్తారు కదా, అదే. ఒకటి చింపితే ఒక గ్లాసు కాఫీ అవుతాది. పరీక్షలప్పుడు పదో తరగతి అక్కలు రాత్రి నిద్ర రాకుండా ఉండాలని తాగుతారు. ఆదివారం మనల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు తాగుతారు. ధర 2 రూపాయలు.

ఆ 2 రూపాయల్లో ఏమేమి ఉన్నాయో, ఆ 2 రూపాయల్లోకి రాకుండా బయట మిగిలిపోయినవి ఏమేమి ఉన్నాయో ఇక్కడ లెక్క కట్టి చూపిస్తాను. లెక్కలు కష్టమైనవి కావు, ఆరో తరగతి చెల్లెళ్ళు కూడా చెయ్యగలరు. మనలో చాలామంది ఇళ్ళల్లో కాఫీ తోట ఉంది. కావున ఇది ఎవరి గురించో కాదు, మన గురించే.

1. పండు నుంచి పొడి దాకా

మన పాడేరు, అరకు, చింతపల్లి కొండల మీద 1960లలో అటవీశాఖ వారు కాఫీ తోటలు వేసినారు. తరవాత మన పెద్దలు సొంత భూముల్లో, పోడు కొట్టిన చోట్ల వేసుకున్నారు. నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదకి మిరియం పాదులు ఎక్కించినారు. మొక్క నాటిన 3, 4 ఏళ్ళకి కాపు వస్తాది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతోనే ఒక కాఫీ దుకాణం తెరిచినారు. అంటే మన కొండ కాఫీ మనకంటే ముందు విమానం ఎక్కింది.

నవంబరు నుంచి పళ్ళు కొయ్యడం మొదలవుతాది. ఒక కొమ్మకి ఉన్న పళ్ళన్నీ ఒకేసారి పండవు. ఎర్రగా పండినవే కొయ్యాలి, పచ్చివి వదిలెయ్యాలి. అందుకని ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్ళాలి. కోసిన పళ్ళని అదే రోజు బేబీ పల్పర్‌లో వేసి తిప్పి తొక్క తీస్తారు. గింజకి జిగురు పట్టి ఉంటాది. రాత్రంతా పులియబెట్టి, మళ్ళీ నీళ్ళతో బాగా కడిగితేనే ఆ జిగురు పోతాది. గెడ్డ దగ్గర ఇల్లు ఉన్నవాళ్ళకి ఫరవాలేదు, లేనివాళ్ళు బిందెలతో మోసుకోవాలి. తరవాత టార్పాలిన్ మీద వారం పది రోజులు ఎండబెట్టాలి. మంచు పడితే మూట కట్టాలి, ఎండ రాగానే మళ్ళీ పరవాలి. అప్పుడు వచ్చేదాన్ని పార్చ్‌మెంట్ అంటారు. దాన్ని జి.సి.సి. వారికో వ్యాపారులకో అమ్ముతారు. జి.సి.సి. అంటే గిరిజన సహకార సంస్థ, 1956లో మొదలైంది.

ఇంతవరకు మన కొండ మీద జరిగే పని. తరవాత కింద పట్నంలో పొట్టు తీస్తారు. అప్పుడు వచ్చేది పచ్చి గింజ. దాన్ని వేయించి, పొడి కొట్టి, పెద్ద పెద్ద గొట్టాల్లో వేడి నీళ్ళు పంపి చిక్కటి డికాక్షన్ తీస్తారు. ఆ డికాక్షన్‌ని ఎత్తయిన గదిలో వేడిగాలిలోకి చిమ్మితే నీరు ఆవిరైపోయి పొడి కిందకి రాలుతాది. లేకపోతే గడ్డ కట్టించి నీరు తీసేస్తారు. అదే నీళ్ళలో వెంటనే కరిగే కాఫీ. మన రాష్ట్రంలో గుంటూరు జిల్లా దుగ్గిరాలలో ఇలాంటి పెద్ద ఫ్యాక్టరీ ఉంది. అక్కడ తయారైన పొడి చాలా దేశాలకి వెళ్తాది.

2. ఒక పాకెట్‌లో ఎన్ని పళ్ళు?

ఇప్పుడు లెక్క. గేటు ఎదురు కొట్లో దొరికే 2 రూపాయల పాకెట్‌లో పొడి సుమారు 1 గ్రాము. కరిగే కాఫీ 1 గ్రాము కావాలంటే పచ్చి గింజ 2.6 గ్రాములు కావాలి. అంతర్జాతీయంగా కాఫీ లెక్కలకి వాడే అంకె ఇది. పచ్చి గింజ 1 కిలో కావాలంటే పళ్ళు సుమారు 6 కిలోలు కావాలి.

2.6 × 6 = 15.6 గ్రాముల పళ్ళు.

మా తోట నుంచి తెచ్చిన 100 పళ్ళని సైన్సు గదిలో త్రాసు మీద పెట్టి తూచినాం. 160 గ్రాములు వచ్చినాయి. అంటే ఒక పండు 1.6 గ్రాములు.

15.6 ÷ 1.6 = సుమారు 10 పళ్ళు.

ఒక్క పాకెట్‌కి పది పళ్ళు. మేము నలుగురం ఒక వారం రోజులు గేటు దగ్గర, వంటశాల వెనక, బట్టలు ఉతికే బండ దగ్గర ఖాళీ కాఫీ పాకెట్లు ఏరినాం. 186 దొరికినాయి. అంటే 1,860 పళ్ళు, సుమారు 2 కిలోల 900 గ్రాములు. ఒక్కో పండునీ ఎవరో చేత్తో తుంచినారు. అది మీ అమ్మ అయినా కావచ్చు.

ఒక విషయం మరిచిపోకూడదు. అన్ని పాకెట్లలో ఉన్నది అంతా కాఫీ కాదు. వెనక చిన్న అక్షరాలు చదవండి. కొన్నింటి మీద కాఫీ 70 శాతం, చికోరీ 30 శాతం అని ఉంటాది. చికోరీ అంటే వేయించిన ఒక వేరు. కాఫీ, చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని మన దేశంలో నియమం. పాలు, పంచదార కూడా కలిపి అమ్మే పాకెట్లు ఉన్నాయి. ఏది ఎక్కువ ఉంటే దాని పేరే ముందు రాయాలి. పంచదార పేరు ముందు ఉంటే మీరు కొన్నది పంచదార పాకెట్ అని అర్థం.

3. డబ్బు ఎవరికి వెళ్తాది?

పాకెట్ కంపెనీయే అంతా తినేస్తాది అని చాలామంది అంటారు. అది ఎంతవరకు నిజమో లెక్క చూద్దాం. పార్చ్‌మెంట్ కిలో 400 రూపాయలు అనుకుందాం. 2.6 గ్రాముల పచ్చి గింజ రావాలంటే పార్చ్‌మెంట్ సుమారు 3.25 గ్రాములు కావాలి. దాని విలువ 1 రూపాయి 30 పైసలు. చికోరీ 30 శాతం కలిపితే 90 పైసలు. అంటే పార్చ్‌మెంట్‌కి మంచి ధర వచ్చిన ఏడాది, 2 రూపాయల పాకెట్‌లో రైతు వాటా తక్కువేమీ కాదు. ధర పడిపోయిన ఏడాది ఈ వాటా కూడా పడిపోతాది. పాకెట్ మీద 2 రూపాయలు మాత్రం అలాగే ఉంటాది.

ఇప్పుడు విదేశాల్లో తాగే గిన్నె కాఫీ చూద్దాం. దాన్ని క్యాప్సూల్ అంటారు. చిన్న అల్యూమినియం గిన్నెలోనో ప్లాస్టిక్ గిన్నెలోనో ఒక్క కప్పుకి సరిపడా పొడి పోసి మూత వేస్తారు. మిషనులో పెట్టి మీట నొక్కితే వేడి నీళ్ళు గిన్నెలోంచి దూరి కప్పులోకి కాఫీ వస్తాది. నెస్లే కంపెనీ 1986లో నెస్ప్రెసో పేరుతో ఇది అమ్మడం మొదలుపెట్టింది. అమెరికాలో క్యూరిగ్ అనే కంపెనీ 1992లో వచ్చింది. యూరప్‌లో పేరున్న గిన్నె ఒకటి సుమారు అర యూరో, మన డబ్బుల్లో 45 రూపాయలు అనుకుందాం.

అందులో వేయించిన పొడి 5.5 గ్రాములు ఉందనుకోండి. దానికి పచ్చి గింజ 6.5 గ్రాములు, పార్చ్‌మెంట్ సుమారు 8.2 గ్రాములు కావాలి. పళ్ళయితే 24. పార్చ్‌మెంట్ కిలో 400 రూపాయలే అనుకుంటే, 45 రూపాయల గిన్నెలో పండించినవాళ్ళకి 3 రూపాయల 30 పైసలు. మిగిలిన సుమారు 42 రూపాయలు గిన్నెకి, మిషనుకి, ప్రకటనలకి, దుకాణానికి, లాభానికి. సౌకర్యం ఎక్కువయ్యేకొద్దీ మన వాటా పల్చబడుతోంది, పాలల్లో నీళ్ళు కలిపినట్టు.

4. లెక్కలోకి రానివి

అ) పాకెట్ కవరు: ఇది ఒకే పొర కాదు. కత్తిరించి గోటితో గీకి చూడండి. బయట అచ్చు వేసిన ప్లాస్టిక్, మధ్యలో అల్యూమినియం పూత, లోపల ఇంకో ప్లాస్టిక్ ఉంటాయి. తేమ, గాలి, వెలుతురు తగిలితే పొడి గడ్డ కడుతాది, వాసన పోతాది. అందుకే మూడు పొరలు అతికిస్తారు. అతికించడం సులభం, విడదియ్యడం కష్టం. కావున చిత్తు సామాన్లు కొనే అతను నీళ్ళ సీసాలు తీసుకుంటాడు గానీ ఇవి తీసుకోడు. మంట పెడితే వాసన వస్తాది, ఆ పొగ చిన్నపిల్లల ఊపిరిలోకి వెళ్తాది. వదిలేస్తే వానకి గెడ్డలో చేరుతాది. గెడ్డ నీళ్ళే కింద గూడెం వాళ్ళు తాగుతారు.

2016లో వచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు పట్నాలకే కాదు, పల్లెలకి కూడా వర్తిస్తాయి. కవరు తయారు చేసి అమ్మినవాళ్ళే దాన్ని తిరిగి సేకరించే బాధ్యత తీసుకోవాలని అందులో ఉంది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, స్పూన్లు, కప్పులు లాంటివి నిషేధించినారు. కాఫీ పాకెట్లు ఆ జాబితాలో లేవు. మేము ఏరిన 186 పాకెట్లు అడుగుతూ ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.

ఆ) కొండ: ఇది చదివినప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యం వేసింది. గిన్నె అల్యూమినియం, పాకెట్ లోపలి పూత అల్యూమినియం. అల్యూమినియం బాక్సైట్ నుంచి వస్తాది. 1 కిలో అల్యూమినియంకి సుమారు 4 కిలోల బాక్సైట్, సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. ఒక గిన్నె బరువు సుమారు 1 గ్రాము. దానికి పట్టే కరెంటుతో 7 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు 2 గంటలు వెలుగుతాది. మన చదువు గంట అంత సేపు. ఆ గిన్నె కాఫీ మాత్రం ఒక్క నిమిషంలో అయిపోతాది. వాడిన అల్యూమినియం కరిగించి మళ్ళీ చేస్తే కరెంటు 95 శాతం దాకా మిగులుతాది. కానీ ముందు ఎవరైనా దాన్ని ఏరాలి, కడగాలి, పంపాలి.

బాక్సైట్ ఎక్కడుంది? పక్కనున్న కోరాపుట్ జిల్లా పంచపట్మాలి కొండ మీద నాల్కో తవ్వుతోంది. మన గాలికొండ, రక్తకొండ, జెర్రిల కొండల్లో కూడా ఉంది. 2015 నవంబరులో మన ఏజెన్సీలో 1,212 హెక్టార్ల అటవీ భూమిని బాక్సైట్ తవ్వకానికి ఇస్తూ జీ.వో. 97 వచ్చింది. గూడేల జనం ఒప్పుకోలేదు. 2019లో అది రద్దయింది. అంతకు ముందు 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమి కూడా గిరిజనేతర కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. ఆ కేసు మన అనంతగిరి మండలం గనుల గురించి మొదలైంది. కొండ పైన కాఫీ చెట్టు, కొండ లోపల కాఫీ గిన్నె. కాఫీ ఏడాదికొకసారి కోసినా చెట్టు ఉంటాది. గిన్నె కోసం తవ్వితే చెట్టుకి నిలబడే చోటు ఉండదు.

ఇ) డిసెంబరు నెల: ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. పోయిన డిసెంబరులో మా తరగతిలో 7గురు అమ్మాయిలు పది రోజులకు పైగా బడికి రాలేదు. అందులో నేనూ ఉన్నాను. కాఫీ కోతలకి చేతులు చాలవు. కూలీలని పెడితే మిగిలేది ఏమీ ఉండదని అమ్మ చెప్తాది. అమ్మ చెప్పింది అబద్ధం కాదు. సొంత తోటలో అమ్మ చేసే పనికి కూలి ఎవరూ కట్టరు, నా పనికీ కట్టరు. కోసేది, కడిగేది, ఎండబెట్టేది, రాళ్ళు ఏరేది, అంతా లెక్క లేకుండా పోతాది. నేను తిరిగొచ్చేసరికి బీజగణితం పాఠం అయిపోయింది. మా 7గురిలో ఒక అమ్మాయి సంక్రాంతి తరవాత కూడా రాలేదు. ఇంకా రాలేదు. ఆమె పేరు ఇక్కడ రాయను, ఆమె పెట్టె ఉన్న చోటు మన డార్మిటరీలో అందరికీ తెలుసు. ఈ ఖరీదు ఏ పాకెట్ మీదా అచ్చు వెయ్యరు.

ఈ) నిద్ర: కాఫీలో కెఫీన్ ఉంటాది. తాగిన 5 గంటలకి కూడా సుమారు సగం ఒంట్లోనే ఉంటాది. రాత్రి 10 గంటలకి తాగిన అక్క తెల్లవారుజామున 3 గంటలకి కూడా సరిగా నిద్రపోలేదు. చదివింది గుర్తుండాలంటే నిద్ర కావాలి. ఇది కూడా ఖరీదే.

5. పాకెట్‌లో మంచి లేదా?

ఉంది. ఒక వైపే రాస్తే అది వ్యాసం కాదు. చేతిలో 2 రూపాయలు మాత్రమే ఉన్నవాళ్ళకి పాకెట్ తప్ప ఇంకేది దొరుకుతాది? తమిళనాడు కడలూరులో చిన్ని కృష్ణన్ అనే ఆయన షాంపూని చిన్న పాకెట్లలో నింపి అమ్మినారు. బీదవాళ్ళు కూడా కొనగలగాలని ఆయన కోరిక. ఆ దారిలోనే అన్నీ పాకెట్లయినాయి. వానాకాలంలో మన కొండ మీద డబ్బా తెరిస్తే పొడి గడ్డ కట్టేస్తాది, పాకెట్ కట్టదు. పెద్ద సీసా కొన్నా కొన్నిసార్లు గ్రాము ధర పాకెట్ కంటే ఎక్కువే పడుతాది. కావున పాకెట్ కొనేవాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కారు.

ఇంకో సంగతి. 2023లో కెనడాలో క్యూబెక్ విశ్వవిద్యాలయం వారు ఒక విషయం చెప్పినారు. కాఫీ వల్ల భూమికి కలిగే నష్టంలో ఎక్కువ భాగం పండించే దగ్గరే ఉంది, గిన్నె దగ్గర కాదు. ఎక్కువ పొడి వేసి, ఎక్కువ నీళ్ళు మరిగించి, సగం పారబోసే ఫిల్టరు కాఫీ కంటే, కొలత ప్రకారం కలిపిన కరిగే కాఫీయే మేలు కావచ్చు. కాబట్టి "పాకెట్ చెడ్డది, డికాక్షన్ మంచిది" అని రాస్తే అది సగం నిజమే. పారబొయ్యడం అన్నిటికంటే చెడ్డది. పది పళ్ళ కాఫీ పారబోస్తే పది పళ్ళు పారబోసినట్టే.

అయితే గిన్నెల విషయంలో అవి తయారు చేసినవాళ్ళకే సందేహం వచ్చింది. క్యూరిగ్ గిన్నె కనిపెట్టిన జాన్ సిల్వన్ అనే ఆయన, ఈ పని చేసినందుకు ఒక్కోసారి బాధపడతానని 2015లో ఒక పత్రికతో అన్నారు. తన ఇంట్లో ఆ మిషను లేదని కూడా అన్నారు. 2016లో జర్మనీలోని హాంబుర్గ్ నగరం, ప్రభుత్వ డబ్బుతో ఆఫీసులకి ఈ గిన్నెలు కొనకూడదని నియమం పెట్టింది. 2022లో కెనడాలో క్యూరిగ్ సంస్థ తన గిన్నెలు మళ్ళీ వాడకానికి పనికొస్తాయని జనాన్ని తప్పుదారి పట్టించిన విషయంలో 30 లక్షల కెనడా డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది.

6. మనం చెయ్యగలిగినవి

1) పాకెట్లు కావాల్సిన అక్కలు నలుగురైదుగురు కలిసి 50 గ్రాముల గాజు సీసా ఒకటి కొనుక్కోవచ్చు. 50 కవర్లు తగ్గుతాయి. లోపల పొడి చెంచానే వెయ్యండి, మూత గట్టిగా పెట్టండి. ఖాళీ అయ్యాక సీసా బెల్లానికో ఊరగాయకో పనికొస్తాది.

2) ఖాళీ పాకెట్లు కాల్చవద్దు. గేటు దగ్గర ఒక పాత నూనె డబ్బా పెట్టుకోవడానికి వార్డెన్ మేడం గారు అనుమతి ఇవ్వాలి. నిండాక మూట కట్టి, ఎన్ని ఉన్నాయో రాసి పంచాయతీకి ఇద్దాం. లెక్క రాసి ఇస్తే అడిగే హక్కు ఉంటాది.

3) సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మకి ఒకసారి మన కాఫీయే మనం తాగుదామని చెప్పండి. చాలా ఇళ్ళల్లో పార్చ్‌మెంట్ అంతా అమ్మేసి, సంతలో పాకెట్ కొని తెచ్చుకుంటారు. రెండు గుప్పెళ్ళు ఉంచుకోండి. రోట్లో మెల్లగా దంచి పొట్టు చెరగండి. ఇనప మూకుడులో సన్న సెగ మీద కలుపుతూ నల్లబడకుండా గోధుమరంగు వచ్చేదాకా వేయించండి. చల్లారాక దంచి, మరిగిన నీళ్ళలో వేసి, గుడ్డలో వడకట్టి, బెల్లం ముక్క వెయ్యండి. మా నాన్న పదేళ్ళుగా కాఫీ పండిస్తున్నాడు, మొన్న దసరాకి మొదటిసారి తన తోట కాఫీ తాగినాడు. రెండో గ్లాసు అడిగినాడు.

4) ఇది పెద్దలకు విన్నపం. కోతల కాలంలో రాలేకపోయిన పిల్లలకి జనవరిలో సాయంత్రం చదువు గంటలో, తప్పిపోయిన పాఠాలు మళ్ళీ చెప్పించాలి. పేరు కొట్టెయ్యకుండా ముందు ఒకసారి గూడేనికి కబురు పంపాలి. మా తరగతిలో రాకుండా ఉన్న ఆ అమ్మాయికి కూడా కబురు పంపాలని మేము ఆరుగురం కోరుతున్నాం. ఆమె నోటు పుస్తకాలు మేము రాసి పెడుతున్నాం.

మీరే చెయ్యండి

1) రోజుకి 1 పాకెట్ చొప్పున ఒక ఏడాది తాగితే ఎన్ని కాఫీ పళ్ళు కావాలి? (ఏడాదికి 365 రోజులు)

2) పార్చ్‌మెంట్ ధర కిలో 200 రూపాయలకి పడిపోతే, చికోరీ కలవని 2 రూపాయల పాకెట్‌లో రైతు వాటా ఎన్ని పైసలు?

3) మీ ఇంట్లో పోయిన ఏడాది కోతల్లో ఎవరెవరు ఎన్ని రోజులు పని చేసినారు? కూలి కడితే ఎంత అయ్యేది? ఈ జవాబు పుస్తకంలో ఉండదు, ఇంట్లో అడిగి రాయాలి.

జవాబులు కాగితం మీద రాసి శనివారం లోపల గోడపత్రిక కింద ఉన్న పెట్టెలో వెయ్యండి. మూడో ప్రశ్న జవాబులన్నీ కలిపి వచ్చే నెల ఇక్కడే పట్టిక వేస్తాను.

– 9వ తరగతి విద్యార్థిని, 'ఎ' సెక్షను